అరుపుకి రెండు గంటల ముందు

కోపం తగ్గించుకోవడం ఎలా అని అడిగి చూడండి, మనవాళ్ళలో ప్రతివారి దగ్గరా ఒక సలహా సిద్ధంగా ఉంటుంది. పది అంకెలు లెక్కపెట్టమంటారు, మంచినీళ్ళు తాగమంటారు, అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపొమ్మంటారు. సలహాలు చెడ్డవి కావు. కానీ అన్నీ కోపం వచ్చేశాక వాడాల్సినవే. అప్పటికే గొంతు లేచి ఉంటుంది, అనకూడని మాట సగం అనేసి ఉంటాం. ఆ క్షణంలో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాలన్న సంగతి గుర్తొచ్చే మనిషికి అసలు ఈ సలహా అవసరమే లేదు.

ఇక్కడ చెప్పబోయేది వేరే పద్ధతి. ఇంట్లో పదే పదే జరిగే గొడవల్లో ఒకే ఒక్కదాన్ని ఎంచుకుని, దాన్ని కొన్నాళ్ళు గమనించి, అది పుట్టే చోటే మార్పులు చేయడం. కావలసిన సామాను జేబులో పట్టే నోటుబుక్కు, పెన్ను, ఫోన్లో అలారం. ఆరేడు వారాల వ్యవధి పెట్టుకోండి. చివర్లో శాంతమూర్తులు ఎవరూ తయారుకారు. వారానికి నాలుగుసార్లు జరిగే గొడవ ఒకసారికి దిగితే పని అయినట్టే లెక్క.

ముందు ఒక హద్దు గీసుకోవాలి. కొట్టడం, వస్తువులు విసరడం, మిమ్మల్ని చూసి ఇంట్లోవాళ్ళు భయపడటం దాకా వచ్చి ఉంటే నోటుబుక్కుతో మొదలుపెట్టకండి. ముందు మానసిక వైద్యుల్ని కలవండి, లేదా టెలి మానస్‌కి 14416 నంబరులో ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ అది, తెలుగులో మాట్లాడొచ్చు. దెబ్బలు తింటున్నది మీరైతే ఆ సమస్య మీ భావోద్వేగాలది కానేకాదు. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112.

గొడవని ఎంచుకోవడం

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ఇరవయ్యేళ్ళుగా ఆడపడుచుతో ఉన్న పేచీనో, ఆస్తి పంపకాల రగడనో ముందేసుకుంటారు. అది మొదటి పాఠానికి పనికిరాదు. వారానికి కనీసం రెండు మూడుసార్లు జరిగేది, ఇంచుమించు ఒకే వేళకి వచ్చేది, మర్నాటికి సిగ్గనిపించేంత చిన్నది కావాలి. ఎక్కువసార్లు జరిగితేనే గమనించడానికీ, మార్చి చూడటానికీ అవకాశాలు దొరుకుతాయి.

ఉదాహరణకి ఒక ఇల్లు ఊహించుకుందాం. మియాపూర్‌లో ఫ్లాటు. ఆవిడకి అమీర్‌పేటలో ఉద్యోగం, మెట్రోలో రాకపోకలు. భర్త, అత్తగారు, ఎనిమిదో తరగతి చదివే కొడుకు. పొద్దున ఐదున్నరకి లేచి మూడు లంచ్ బాక్సులు కడుతుంది. సాయంత్రం ఏడు దాటాక ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, గిన్నెలు తోమడానికి వేద్దామని కొడుకు స్కూలు బ్యాగు జిప్పు తీస్తుంది. బాక్సు బరువుగా తగులుతుంది. మూత తీస్తే సగం అన్నం, పెట్టిన కూర పెట్టినట్టే. అంతే, అక్కణ్ణుంచి మొదలు. "పారబోయడానికా నేను తెల్లారకుండా లేచి చచ్చేది?" అన్న దగ్గర మొదలై, మొన్నటి యూనిట్ టెస్టు మార్కుల మీదుగా, "అంతా మీ నాన్న పోలిక" దగ్గర ఆగుతుంది. వాడు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటాడు. అత్తగారు టీవీ సౌండు పెంచుతుంది.

మన మొదటి పాఠానికి ఈ బాక్సు గొడవ సరిగ్గా సరిపోతుంది.

మొదటి రెండు వారాలు: రాయడం మాత్రమే

ఈ రెండు వారాలూ ఏమీ మార్చొద్దు. అరుపొస్తే అరవండి. కానీ అరగంటలోపు నోటుబుక్కు తీసి రాయండి. మర్నాడు రాస్తే లాభం లేదు. రాత్రంతా మనసు ఆ సంఘటనకి మెరుగులు దిద్ది, మనకి అనుకూలంగా తిరగరాసి పెడుతుంది.

రాయాల్సినవి ఇవి: ఎప్పుడు, ఎక్కడ, ఏం చూశాను లేదా విన్నాను, ఆ క్షణంలో మనసులో మెదిలిన మాటేమిటి, ఒంట్లో ఎక్కడ ఏం తెలిసింది, ఏం చేశాను, పది నిమిషాల తర్వాత పరిస్థితేమిటి. వీటితోపాటు చివర్లో తిండీ నిద్రా ఎలా ఉన్నాయో ఒక ముక్క. ఆవిడ పేజీ ఒకటి ఇలా ఉంటుంది:

"సోమవారం, 7:20. వంటింటి గట్టు దగ్గర. బాక్సులో సగం అన్నం, బెండకాయ కూర మొత్తం ఉంది. మనసులో: వీడికి నా కష్టమంటే లెక్కే లేదు. దవడలు బిగుసుకున్నాయి, చెవులు వేడెక్కాయి. అరిచాను. మార్కుల సంగతి కూడా లాగాను. పది నిమిషాలకి ఏడుపొచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత ఏమీ తినలేదు."

చూసిందీ అనుకున్నదీ వేర్వేరు వాక్యాల్లో పడటం చాలా ముఖ్యం. "వాడు నిర్లక్ష్యంగా తిండి వదిలేశాడు" అని రాస్తే అది చూసింది కాదు. నిర్లక్ష్యం కెమెరాకి కనపడదు, సగం అన్నం కనపడుతుంది. అమెరికన్ మనస్తత్వవేత్త ఆల్బర్ట్ ఎల్లిస్ 1950ల మధ్యలో కట్టిన చికిత్సకి ఈ విడదీతే పునాది: జరిగిన సంగతి ఒకటి, దాని గురించి మనం నమ్మేది ఒకటి, దాన్నుంచి పుట్టే ఉద్రేకం ఒకటి. జరిగినదే నేరుగా కోపం తెప్పించిందని మనం అనుకుంటాం. మధ్యలో ఉన్న నమ్మకం రెప్పపాటులో వచ్చిపోతుంది కనక కనపడదు. రాస్తేనే అది దొరుకుతుంది.

"కోపం వచ్చింది" అని రాసి ఊరుకోవద్దు. ఏ రకం కోపమో రాయండి. విసుగా, చిరాకా, ఉక్రోషమా, అవమానమా, చిన్నబుచ్చుకోవడమా? మన భాషలో ఈ సరుకుకి కొదవలేదు, వాడుకోండి. కాలిఫోర్నియాలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించిన ప్రయోగంలో, ఉద్రేకంతో ఉన్న ముఖాల ఫొటోలు చూస్తూ ఆ ఉద్రేకం పేరు ఎంచుకున్నవాళ్ళ మెదడులో, భయాన్నీ ప్రమాదాన్నీ పసిగట్టే అమిగ్డలా అనే భాగం కాస్త సద్దుమణగడం స్కానులో కనపడింది. పేరు పెట్టినంత మాత్రాన మంట ఆరిపోదు. కానీ పేరుని బట్టి చేయాల్సిన పని మారుతుంది. విసుగైతే విశ్రాంతి కావాలి, అవమానమైతే మాట్లాడుకోవాలి. రెండిటికీ కలిపి కోపమని రాస్తే రెండిటికీ మందు దొరకదు.

ఇంకో చిత్రం జరుగుతుంది. ఏమీ మార్చకపోయినా, రాయడం మొదలుపెట్టాక గొడవలు కొద్దిగా తగ్గుతాయి. గమనిస్తున్నామన్న ఎరుకే ప్రవర్తనని కదుపుతుంది. దాన్ని చూసి వారంలోనే "నాకు నయమైంది" అని పుస్తకం మూసేయకండి.

మూడో వారం: పుస్తకం చదవడం

ఒక ఆదివారం, ఇంట్లో సందడి తగ్గిన వేళ చూసుకుని పేజీలన్నీ వరసగా చదవండి. ఎవరిది తప్పు అని వెతక్కుండా, అరుపుకి ముందు రెండు గంటల్లో ఏముందో చూడండి.

ఆవిడ పుస్తకంలో ఏం బయటపడుతుంది? బాక్సు మిగిలిన రోజులు చాలా ఉన్నాయి, కానీ అన్ని రోజులూ అరుపు లేదు. శనివారం ఆఫీసు సగం రోజే. అప్పుడు కూడా అన్నం మిగిలింది, ఆవిడ "తినలేదేరా?" అని ఊరుకుంది. ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజని సాయంత్రం సమోసా తిన్న బుధవారం కూడా అరవలేదు. అరిచిన రోజులన్నిట్లో రెండు సంగతులున్నాయి. ఒకటి, ఒంటిగంట తర్వాత కడుపులో ఏమీ పడలేదు. రెండోది, దిగాల్సిన స్టేషను వచ్చేలోపు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పైఅధికారి మెసేజీ చూసింది. బాక్సు మూత తీసేసరికే సగం కోపం తయారై ఉంది. మూత దానికొక దారి చూపించింది, అంతే.

ఈ పని మొత్తానికి కీలకం ఇక్కడుంది. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే జేమ్స్ గ్రాస్ 1998లో ఒక నమూనా ప్రతిపాదించాడు. ఒక ఉద్రేకం పుట్టి బయటపడేలోపు దాన్ని మార్చగలిగిన చోట్లు ఐదు ఉన్నాయంటాడు: ఆ సందర్భంలోకి అసలు వెళ్ళాలా అన్నది, వెళ్ళాక ఆ సందర్భాన్ని మార్చడం, దృష్టి దేనిమీద పెడతామన్నది, దాన్ని ఎలా అర్థం చేసుకుంటామన్నది, చివరికి ముఖమూ గొంతూ చేతులూ ఏం చేస్తాయన్నది. మనం చిన్నప్పట్నించీ నేర్చుకున్నదంతా ఆ చివరిదే. మింగుకో, దిగమింగు, నోరు మూసుకో.

మింగుకుంటే ఏమవుతుందో గ్రాస్, రాబర్ట్ లెవెన్‌సన్ కలిసి ప్రయోగం చేశారు. 1993లో అచ్చయింది. వెగటు పుట్టించే చిన్న సినిమా చూపించి, కొందరిని ముఖంలో ఏమీ కనపడనివ్వొద్దన్నారు. ముఖం నిజంగానే అదుపులో ఉంది. లోపలి వెగటు మాత్రం ఇసుమంత తగ్గలేదు, ఒంట్లో అలజడికి గుర్తయిన వేళ్ళ చెమట ఇంకాస్త పెరిగింది. పదేళ్ళ తర్వాత ఎమిలీ బట్లర్ ఇంకో అడుగు ముందుకేసింది. ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు ఒకరు భావాలు అణుచుకుంటే ఎదుటి మనిషి రక్తపోటు పెరిగిందని చూపించింది. "నేనేమీ అనలేదే" అని పళ్ళు బిగించుకుని తిరిగే మనిషి ఉన్న ఇంట్లో మిగతావాళ్ళకి ఊపిరాడకపోవడం మనకి కొత్త కాదు. దానికి కొలత దొరికింది.

కాబట్టి మన కష్టమంతా చివరి చోట గుమ్మరించకుండా, ముందున్న నాలుగు చోట్లలో పెట్టాలి. అక్కడ ఖర్చు తక్కువ.

నాలుగో వారం: సందర్భాన్ని మార్చడం

ఇది చదివితే చప్పగా ఉంటుంది. ధ్యానం, యోగం లాంటి గంభీరమైన మాటలేవీ ఇక్కడ లేవు. ఆఫీసు సొరుగులో వేయించిన శనగలో, అరటిపండో ఉంచుకోవడం. సాయంత్రం ఐదున్నరకి ఫోన్లో అలారం మోగితే తినడం. మెట్రో ఎక్కాక ఆఫీసు గ్రూపుని మ్యూట్‌లో పెట్టి, రాత్రి భోజనాలయ్యాక ఒకసారి చూడటం. ఇంటికి రాగానే బ్యాగు ముట్టకపోవడం.

అసలు ఆ బ్యాగు ఆవిడ ఎందుకు తెరవాలి? నాలుగున్నరకే ఇంటికొచ్చిన పిల్లాడు తన బాక్సు తనే తీసి, మిగిలింది పక్కకి పెట్టి, కడిగి, గట్టు మీద బోర్లించొచ్చు. ఎనిమిదో తరగతి వాడికి చేతకాని పనేమీ కాదు. మిగిలిన రోజు భోజనాల దగ్గర "ఇవాళ తినలేదమ్మా" అని నోటితో చెప్పాలి. దొరికిపోవడానికీ తనే చెప్పడానికీ చాలా తేడా ఉంది, వినే తల్లికి కూడా.

దీనికి ఒక సంభాషణ కావాలి. అది ఏడుంబావుకి వంటింట్లో జరగకూడదు. ఆదివారం పొద్దున దోసెలు తినేటప్పుడు జరగాలి.

"నాన్నా, బాక్సు గురించి ఒకటి అడగనా? తిట్టడానికి కాదు."

"ఏంటమ్మా?"

"ఏ రోజు మిగులుస్తున్నావో, ఎందుకో తెలుసుకుందామని."

"బెండకాయ మధ్యాహ్నానికి జిగురుగా అయిపోతుంది. కలుపుకోబుద్ధి కాదు. లంచ్ ఇచ్చేదే కొంచెంసేపు, చేతులు కడుక్కునే లైనులోనే సగం అయిపోతుంది."

"మరి చెప్పలేదేంరా?"

"చెప్తే అరుస్తావని."

ఆ చివరి మాట దగ్గర ఆగి, వివరణ ఇవ్వకుండా, "సరే, ఇప్పుడు చెప్పావుగా" అనగలిగితే చాలు. పని ముందుకి జరుగుతుంది. బాక్సు ఒక సైజు తగ్గించారు, బెండకాయ రాత్రి కూరగా మారింది, హడావుడి రోజున పెరుగన్నమో చపాతీ చుట్టో కడతారు. ఇవి చిన్న మార్పులే. కానీ ఆవిడ పుస్తకంలోని సంఘటనల్లో చాలాభాగం ఇక పుట్టనే పుట్టవు. పుట్టని కోపాన్ని అదుపు చేయక్కర్లేదు.

ఐదో వారం: ముందే రాసిపెట్టుకున్న వాక్యం

అయినా కొన్ని రోజులు తప్పవు. అలారం మోగినప్పుడు మీటింగులో ఉంటుంది, మెట్రోలో నిలబడే చోటు కూడా ఉండదు, పిల్లాడు బాక్సు కడగడం మర్చిపోతాడు. ఆ రోజు కోసం ఒక వాక్యం ముందే తయారుచేసుకోవాలి.

జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1990లలో దీన్ని బాగా పరిశోధించాడు. "ఇకనుంచి కోప్పడను" అనే సంకల్పం కంటే "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అని ముడిపెట్టుకున్న వాక్యం చాలా ఎక్కువగా ఆచరణలోకి వస్తుందని అతని ప్రయోగాలు చెప్పాయి. ఆ గుర్తు కంటపడగానే పని దానంతటదే మొదలవుతుంది, అప్పటికప్పుడు ఆలోచించి నిర్ణయించే అవసరం ఉండదు. కోపంలో మనకి లేనిదే ఆ ఆలోచించే ఓపిక.

వాక్యంలో ఉండాల్సింది చేసే పని. చేయకుండా ఉండే పని కాదు. ప్రవర్తనా శాస్త్రవేత్త ఆగ్డెన్ లిండ్‌స్లీ దీనికి 1960లలోనే ఒక మోటు పరీక్ష చెప్పాడు: శవం కూడా చేయగలిగేదైతే అది ప్రవర్తన కాదు. అరవకుండా ఉండటం శవానికీ చేతనవును. మరి ప్రాణమున్న మీరేం చేస్తారు? ఆవిడ వాక్యం ఇది: "బాక్సులో అన్నం కనపడితే మూత మళ్ళీ పెట్టేసి, స్టవ్ మీద టీకి నీళ్ళు పెడతాను." మూత పెట్టడం చేతులకి పని, నీళ్ళు కాగడం రెండు నిమిషాల గడువు.

ఈ వాక్యాన్ని కోపం లేనప్పుడు నిజంగా చేసి చూడాలి. ఆదివారం మధ్యాహ్నం ఖాళీ బాక్సు బ్యాగులో పెట్టి, జిప్పు తీసి, మూత తీసి, మూత పెట్టి, స్టవ్ వెలిగించి. ఇంట్లోవాళ్ళు చూస్తే నవ్వుతారు, నవ్వనీయండి. నాలుగైదుసార్లు చేస్తే చేతులకి దారి తెలుస్తుంది.

నీళ్ళు కాగేలోపు ఒంటి సంగతి చూసుకోవచ్చు. తీసుకునే ఊపిరికంటే వదిలే ఊపిరి నిదానంగా, పొడుగ్గా ఉండాలి. నిమిషానికి ఆరు ఊపిరుల లెక్కన రెండు నిమిషాలు చేసినా గుండె వేగం నెమ్మదిస్తుంది. ముఖం మీద చల్లటి నీళ్ళు కొట్టుకోవడం పెద్దవాళ్ళు చెప్పిందే. దాని వెనక శరీరధర్మం ఉంది. నీళ్ళలో మునిగినప్పుడు గుండె వేగాన్ని తగ్గించే సహజ ప్రతిచర్య నుదురూ కళ్ళ చుట్టూ చల్లదనం తగిలితే కూడా కదులుతుంది. సియాటిల్‌లో మార్షా లీనెహాన్ రూపొందించిన చికిత్సలో ఈ చల్లనీళ్ళ పద్ధతిని నేర్పుతారు. గుండెజబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా మరీ ఐసునీళ్ళ జోలికి పోవద్దు.

దిండుని గుద్దడం, గిన్నెలు దబాల్న పడేయడం, "కడుపులో పెట్టుకోకు, కక్కెయ్" అనే సలహా మాత్రం వద్దు. బ్రాడ్ బుష్‌మన్ 2002లో చేసిన ప్రయోగంలో, తమని అవమానించిన మనిషిని తలుచుకుంటూ గుద్దుళ్ళ బస్తాని బాదినవాళ్ళకి కోపం ఎక్కువైంది. ఏమీ చేయకుండా ఊరికే కూచున్నవాళ్ళే ఎదుటివాడి మీద తక్కువ దూకుడు చూపించారు. 2024లో అతనూ సోఫీ క్యార్‌విక్ కలిసి 154 అధ్యయనాలని గుదిగుచ్చి చూస్తే, ఒంటి ఉద్రేకాన్ని దించే పనులు కోపాన్ని తగ్గిస్తున్నాయనీ, పెంచే పనులు మొత్తమ్మీద తగ్గించడం లేదనీ తేలింది. కోపమొచ్చినప్పుడు పరిగెత్తడం కూడా ఈ విషయంలో పెద్దగా అక్కరకు రాలేదు. పరుగు ఆరోగ్యానికి మంచిదే, వేరే పూట పెట్టుకోండి.

టీ నీళ్ళతో ఆగకపోతే గది వదిలి వెళ్ళాల్సిందే. అయితే వెళ్ళేముందు రెండు ముక్కలు చెప్పి వెళ్ళాలి: ఎక్కడికి, ఎంతసేపటికి. "నాకిప్పుడు చిరాగ్గా ఉంది. మేడ మీదికి వెళ్తున్నా, అరగంటలో వచ్చి మాట్లాడతా." ఈ రెండు ముక్కలూ లేకుండా వెళ్తే ఇంట్లోవాళ్ళు దాన్ని అలక అనే అనుకుంటారు, శిక్షగా తీసుకుంటారు. దంపతుల తగాదాల మీద దశాబ్దాలపాటు పనిచేసిన జాన్ గాట్‌మన్ ఈ విరామం కనీసం 20 నిమిషాలు ఉండాలంటాడు, ఒంట్లో ఉద్రేకం దిగడానికి అంత పడుతుందని. ఆ ఇరవై నిమిషాలూ మేడ మీద పచార్లు చేస్తూ "అసలు వాడు అలా ఎలా..." అని మననం చేస్తే విరామం లేనట్టే. మొక్కలకి నీళ్ళు పోయండి, ఆరిన బట్టలు తీయండి.

మధ్యలో మెదిలిన మాటకి పరీక్ష

ఇది ఎప్పుడైనా చేయొచ్చు, పుస్తకం చేతిలో ఉంటే చాలు. "వీడికి నా కష్టమంటే లెక్కే లేదు" అన్న వాక్యం ఆవిడ పేజీల్లో మళ్ళీ మళ్ళీ కనపడుతోంది. దాన్ని కోర్టులో సాక్షిని అడిగినట్టు అడగాలి. లెక్క లేదనడానికి ఆధారమేమిటి? అన్నం మిగిల్చాడు. లెక్క ఉందనడానికి? మొన్న ఆవిడకి జ్వరమొస్తే తనే మ్యాగీ చేసి పెట్టాడు, నానమ్మకి మాత్రలు గుర్తుచేస్తాడు. మిగల్చడానికి ఇంకేం కారణాలుండొచ్చు? లంచ్ టైము, జిగురు. ఇదంతా చూశాక వాక్యాన్ని తిరగరాయాలి: "వాడు తినలేదు, నేను పడ్డ శ్రమ వృథా అయిందని నాకు బాధగా ఉంది." ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ 1960లలో మొదలుపెట్టిన చికిత్సలో రోగులు చేసే అభ్యాసం ఇంచుమించు ఇదే.

అన్నిట్లో మంచే చూడమనే ఉపదేశం కాదిది. పరీక్ష నిజాయితీగా చేస్తే కొన్నిసార్లు వాక్యం నిలబడుతుంది. కోపం సరైనదేనని తేలుతుంది.

ఆవిడ పుస్తకంలో అలాంటిది ఒకటి ఉంది. ఆరో పేజీలోనో ఏడో పేజీలోనో, కొడుకు గురించి రాస్తూ రాస్తూ, "తినేది నలుగురం, లేచేది నేనొక్కదాన్ని" అని రాసుకుంది. దీన్ని పరీక్షకి పెట్టండి, చెక్కుచెదరదు. 2019లో కేంద్ర గణాంక శాఖ చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చించారు. చేసేవాళ్ళ సగటే ఇది. అసలు చేయనివాళ్ళు ఇందులో లేరు.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. ఉద్వేగాలని అదుపులో పెట్టుకోమనే పాఠం మన ఇళ్ళలో ఎప్పుడూ కోడలికీ, ఆఫీసుల్లో కింది ఉద్యోగికీ చెబుతారు. అత్తగారికీ మేనేజరుకీ చెప్పరు. న్యాయమైన కోపాన్ని ఊపిరితో చల్లార్చుకోమనడం మోసం. లీనెహాన్ పద్ధతిలో కూడా మొదటి ప్రశ్న ఇదే: ఈ ఉద్వేగం వాస్తవానికి సరిపోతోందా? సరిపోకపోతే దానికి ఎదురు నడవాలి. సరిపోతే సమస్యని పరిష్కరించాలి.

పరిష్కరించడమంటే మళ్ళీ ఒక సంభాషణ. "మీరసలు ఏ పనీ ముట్టుకోరు" అంటే ఎదుటివాడు తను ముట్టుకున్న పనుల జాబితా చదువుతాడు. గడియారం, వారం, పని పేరు పెట్టి అడగాలి.

"ఏవండీ, వచ్చే వారం నుంచి మంగళవారం, గురువారం బాక్సులు మీవి."

"నాకు వంటొచ్చా ఏంటి?"

"పులిహోర, గుడ్డు కూర వచ్చుగా. రెండు రోజులకి రెండు. ముందురోజు రాత్రి తరగడం, చింతపండు నానేయడం కూడా మీదే. నేను తయారుగా పెట్టను."

ఒప్పుకుంటాడా? వెంటనే ఒప్పుకోకపోవచ్చు. కానీ ఏం అడుగుతున్నారో ఈసారి ఇద్దరికీ తెలుసు. ఆ రెండు రోజులూ ఆవిడ ఆరున్నరకి లేస్తే సాయంత్రపు పేజీలు ఎలా మారతాయో పుస్తకమే చూపిస్తుంది.

అరిచేశాక

అరుస్తారు. ఆరో వారంలోనూ అరుస్తారు. అప్పుడు చేయాల్సిన పని పడుకునేలోపు చేయాలి. పిల్లాడి గదికి వెళ్ళి, మంచం అంచున కూచుని, "ఇందాక అరిచాను. మార్కుల మాట ఎత్తడం నా తప్పు. బాక్సు సంగతి రేపు మాట్లాడదాం" అని లేచి రావడమే. "కానీ నువ్వు కూడా" అనే మాట నోట్లోకి వస్తుంది, అది ఆపుకోండి. ఆ ఒక్క మాటతో క్షమాపణ మళ్ళీ ఆరోపణ అవుతుంది. పిల్లాడు వెంటనే కరిగిపోవాలని ఎదురుచూడొద్దు. ఫోన్లోంచి తలెత్తకుండా "ఊఁ" అంటే అదీ జవాబే.

తర్వాత పేజీ రాయండి. ఒక్కరోజు తప్పితే అంతా పోయినట్టని అనుకునే స్వభావం మనది. ఉపవాసం చెడింది కదా అని బిర్యానీ తినే రకం. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం అలవాట్లు ఏర్పడే తీరుని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక కొత్త పని ఆలోచించకుండా జరిగే దశకి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనుషుల్ని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒకరోజు తప్పినవాళ్ళకి నష్టమేమీ కనపడలేదు.

ఆరేడు వారాలు గడిచినా పేజీలు మారకపోతే, చిన్నదానికీ పెద్దదానికీ చిరాకు పడుతూనే ఉంటే, నిద్ర సరిగా లేకపోతే, ఏదీ సంతోషమనిపించకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. థైరాయిడ్ ఎక్కువైనా చిరాకే, నెలసరి ముందూ, మెనోపాజ్‌కి దగ్గరపడినప్పుడూ చిరాకే. డిప్రెషన్ కూడా, ముఖ్యంగా మగవాళ్ళలోనూ యుక్తవయసు పిల్లల్లోనూ, దిగులుగా కాకుండా కోపంగా బయటపడొచ్చు. వెళ్ళేటప్పుడు నోటుబుక్కు తీసుకెళ్ళండి. "ఈమధ్య కోపమెక్కువైంది డాక్టరుగారూ" అన్న మాటకంటే వేళలూ నిద్రా తిండీ ఉన్న పేజీలు వాళ్ళకి ఎక్కువ పనికొస్తాయి.

బాక్సు గొడవ ఒకమాదిరికి వచ్చాక రెండోది ఎత్తుకోవచ్చు. ఈసారి ఒక వారం రాస్తే చాలు, ఏం గమనించాలో చేతికి తెలిసిపోయి ఉంటుంది. ఒక జాగ్రత్త: ఈ పుస్తకాన్ని దాచుకోండి. ఎంత మంచివాళ్ళకైనా ఏదో ఒక రాత్రి దాన్ని తెచ్చి "ఇదిగో, పద్నాలుగో తారీఖున ఏమన్నారో చూడండి" అని తెరవాలనిపిస్తుంది. ఒకసారి తెరిస్తే ఆ తర్వాత మీరు రాసే ప్రతి పేజీ ఎదుటివాళ్ళ మీద సాక్ష్యంగానే రాస్తారు. చూసిందీ అనుకున్నదీ మళ్ళీ కలిసిపోతాయి. రాయడం అయిపోయిన పుస్తకం ఆఫీసు సొరుగులో, శనగల డబ్బా పక్కన ఉండటం మేలు.